నక్షత్రాలివ్వని పెద్దమనిషి

ముందుగా ఒక ఒప్పుకోలు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పలేను. దీన్ని అబద్ధాలాడే గుణం అనకండి, చెయ్యి జారే గుణం. పప్పులో ఉప్పు వేస్తున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే మా ఆవిడకి జరిగేది నాకు నోరు తెరిచినప్పుడల్లా జరుగుతుంది. నేను వందమంది వచ్చారంటే ఇరవైమంది అనుకోండి. ఇరవైమంది అంటే మేం ముగ్గురమూ, పక్కింటివాళ్ళూ అనుకోండి. మంచు నడుముదాకా పడిందంటే బూట్లు తడిశాయని అర్థం. న్యూజెర్సీలో పాతికేళ్ళుగా నన్ను భరిస్తున్న స్నేహితులు ఈ తగ్గింపు లెక్క నేర్చుకున్నారు. మీరూ వేసుకోండి. అయితే ఈ రాతలో ఒక్క చోట మాత్రం సాగదీయలేదు, శుద్ధంగా కల్పించాను. అదెక్కడో చివర్లో చెప్తాను. చెప్పకపోతే ఆయన ఊరుకోరు. పోయారు గానీ, పోయినా ఊరుకోరు.

పోయిన వారం ప్లెయిన్స్‌బరోలో మా ఇంటికి రంగులు వేయించాం. రంగులు వేసే అతను వంటింటి పక్క సామాన్ల గది గుమ్మం దగ్గర ఆగి నన్ను పిలిచాడు. తలుపు చట్రం మీద, నా కనుబొమల ఎత్తులో, సన్నటి పెన్సిల్ గీత. పక్కన చీమ తలకాయంత తేదీ, రెండు పొడి అక్షరాలు. "దీని మీద కూడా వేసెయ్యనా?" అని అడిగాడు. నేను ఒక్క దూకు దూకి, బ్రష్షు పట్టుకున్న అతని చేతిని గాల్లోనే పట్టుకున్నాను. (నిజానికి "వన్ మినిట్" అన్నాను. దూకడం ఇప్పుడే చేర్చాను.)

ఆ గీత గీసిన మనిషి పోయిన చలికాలం వెళ్ళిపోయారు. వాట్సాప్ గ్రూపులో కబురు రాగానే వెయ్యి నమస్కారాలూ, వెయ్యి ఓం శాంతులూ వరసగా పడ్డాయి. మధ్యలో ఎవరో కొత్తగా వచ్చినాయన "ఎవరండీ ఈయన" అని అడిగాడు. "బాస్కెట్‌బాల్ అంకుల్" అని ఇంకొకరు జవాబిచ్చారు. అంతే. ఆ రెండు మాటల్లో ఆయన పట్టరు. నాకు తెలిసి ఆయన కారులోనే పట్టేవారు కాదు. ఆరున్నర అడుగుల మనిషి. (అయిదడుగుల పదకొండు.)

ఆయన పేరు రాయను. ఇది నా మర్యాద కాదు, ఆయన పద్ధతి. ఆయన తన పుస్తకంలో ఎవరి పేరూ రాసేవారు కాదు. స్కూలు, జెర్సీ నంబరు, తేదీ. "పేరు తెలిస్తే కన్ను వంకర చూస్తది, తమ్మీ" అనేవారు. కరీంనగర్ వైపు మనిషి. మా తెనాలి చెవికి ఆ మాట మొదట్లో కొత్తగా ఉన్నా తర్వాత అది లేకపోతే ఆట చూసినట్టే ఉండేది కాదు. ముప్పై ఏళ్ళు మందుల కంపెనీలో మాత్రల నాణ్యత చూసే ఉద్యోగం చేశారు. రిటైరయ్యాక మాత్రలు దొరక్క, అమెరికా హైస్కూలు పిల్లల్ని పట్టుకున్నారు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇక్కడ కాలేజీ బాస్కెట్‌బాల్ అంటే పెద్ద జాతర. కాలేజీ టీముల్లోకి పిల్లల్ని ఏరుకోవడం దానికన్నా పెద్ద జాతర. ఫలానా పిల్లకి అయిదు నక్షత్రాలు, ఫలానా పిల్లకి మూడు, అని ర్యాంకులు వేసే వెబ్‌సైట్లు బోలెడు. గడ్డం మొలవని వాడికీ, పళ్ళకి తీగలు కట్టించుకున్న అమ్మాయికీ రాష్ట్రంలో ఎన్నో స్థానమో చెప్పేస్తాయి. మనం ఎంట్రన్సు ర్యాంకుల గాలి పీల్చి పెరిగినవాళ్ళం కదా, ర్యాంకు అనే మాట వినపడితే చచ్చినవాడు కూడా లేచి కూర్చుంటాడు. పైగా మనకి పరీక్ష రాస్తేనే ర్యాంకు. ఇక్కడ ఎవరో గోడకి ఆనుకుని చూసి వెళ్తే చాలు.

ఆయన ఒక్క నక్షత్రం కూడా ఎవరికీ ఇవ్వలేదు. అడిగితే, "ఆకాశంల ఉన్నయి గద, సాలవా" అనేవారు.

ఈ పనిలోకి ఎలా దిగారన్నదానికి మూడు కథలున్నాయి. పక్కింటి పిల్లని దింపడానికి వెళ్ళి చలికి జిమ్‌లోకి వచ్చారని ఒకటి. ఇంట్లో సీరియల్ పెట్టేవేళకి బయటపడే మార్గం ఇదేనని రెండోది. మూడోది నేను పుట్టించిందే, చాలా బాగుంటుంది, కానీ ఇక్కడ రాస్తే ఆయన భార్య, మా వదినగారు, ఫోన్ చేస్తారు.

మా అమ్మాయి హారిక తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూలు జిమ్‌లో నాకు మొదటిసారి తగిలారు. నేను లేచి నిలబడి ట్రెంటన్ దాకా వినపడేలా అరుస్తున్నాను. వెనక మెట్టు మీద నుంచి ఒక చెయ్యి నా భుజం మీద పడింది.

"తమ్మీ, కూసో. నువ్వు మొత్తుకుంటే ఆ పిల్ల ఎత్తు పెరుగుతదా?"

"కాదండీ, మా అమ్మాయి ఆడుతోంది, అదిగో..."

ఆయన రెండు చెవులూ మూసుకున్నారు. "ఎవరో చెప్పకు. నీ తీరు చూస్తే పదకొండో నంబరు అయ్యుంటది. ఇగ ఆ పిల్లను రాసేటప్పుడు నువ్వు యాదికొస్తవ్. ఖరాబు చేసినవ్ నా కన్నును."

మా అమ్మాయి నంబరు పదకొండే.

పక్కన కూర్చున్నాక గమనించాను. ఆయన బంతిని చూడటం లేదు. బంతి ఇటు వస్తే ఆయన చూపు అటు. "బంతిని ఆరువందల మంది చూస్తున్నరు. నేనొక్కణ్ణి చూడకుంటే అదేమన్న అలుగుతదా?" అన్నారు. ఆయన చూసేది బంతి లేని చోట. వేసిన బంతి తప్పిపోయాక ఆ పిల్ల ముందు ఎటు చూసింది: కోచ్ వైపా, తండ్రి వైపా, తను కాయాల్సిన మనిషి వైపా. కింద పడిన అవతలి టీము పిల్లకి చెయ్యి ఎవరిచ్చారు. ఆటలోంచి తీసేసి కూర్చోబెడితే నీళ్ళ సీసా ఎలా అందుకుంది. ఇలా చూడటం వల్ల బంతి వచ్చి ఆయన మొహానికి తగలడం నేనే స్వయంగా ఇరవైసార్లు చూశాను. (రెండు.) తగిలిన ప్రతిసారీ కళ్ళజోడు సర్దుకుని, గడియారం చూసి, ఏ చెంపకి తగిలిందో పుస్తకంలో రాసుకునేవారు.

ఆ పుస్తకం గురించి చెప్పాలి. గట్టి అట్ట, పేజీలకి ముందే నంబర్లు. చింపకూడదు. చెరపకూడదు. తెల్ల రంగు పుయ్యకూడదు. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత, కింద ఉన్నది చదవగలిగేలా. పక్కన పొడి అక్షరాలు, తేదీ, కారణం. మందుల కంపెనీల్లో అదే నియమమట. "తప్పు చేసినోడు నేరస్థుడు కాదు తమ్మీ. తప్పును కనపడకుంట చేసినోడు నేరస్థుడు." ఈ నియమం పుస్తకంతో ఆగలేదు. ఒకసారి సరుకుల దుకాణంలో ఆయన చేతిలో చీటీ చూశాను. పచ్చిమిరపకాయలు అన్నచోట ఒక్క గీత, పొడి అక్షరాలు, తేదీ, కారణం: ఇంట్లో ఉన్నవి.

పుస్తకంలో నంబర్లు ఇంగ్లీషులో, అభిప్రాయాలు తెలుగులో. పక్కన కూర్చున్న తల్లిదండ్రులు తొంగి చూసినా అర్థం కాకూడదని. అందువల్లే నేను పక్కన కూర్చుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని రాసేవారు, పదో తరగతి పరీక్ష హాల్లో మొదటి ర్యాంకు పిల్లాడిలా.

ఇంకో సంగతి. ఆయన జేబులో ఎప్పుడూ తెల్లటి మాత్రల సీసా ఉండేది. అందులో పుట్నాలు. మెత్తబడకుండా తేమ పీల్చే చిన్న పొట్లం కూడా అలాగే ఉంచేవారు. ఆట మధ్యలో మూత తిప్పి, అరచేతిలో నాలుగు వేసుకుని, అటూ ఇటూ ఉన్నవాళ్ళకి కూడా పెట్టేవారు. స్కూలు జిమ్‌లో ఒక పెద్దాయన మాత్రల సీసాలోంచి పిల్లల తల్లులకి ఏదో పంచుతున్నాడని సెక్యూరిటీ అతన్ని పిలిచారు. అతను వచ్చి, వాసన చూసి, ఒకటి నోట్లో వేసుకుని, ఇంకో గుప్పెడు తీసుకుని వెళ్ళాడు. తర్వాత ప్రతి ఆటకీ వచ్చి చెయ్యి చాచేవాడు. ఇది నేను సాగదియ్యలేదు. సాగదియ్యాల్సిన అవసరమే రాలేదు.

ఇక ఆయన తూకం. మాత్ర తయారైన రోజున పరీక్ష చేస్తే ఏ మాత్రైనా పాసవుతుందిట. అందుకని కొన్ని మాత్రల్ని తీసి, వేడీ తేమా బాగా ఉండే పెట్టెలో పెడతారు. మూడు నెలలకి ఒకసారి, ఆరు నెలలకి ఒకసారి తీసి చూస్తారు. రంగు మారిందా, పొడి రాలుతోందా, మందు బలం ఎంత మిగిలింది. అప్పుడు గానీ సీసా మీద గడువు తేదీ వెయ్యరు. ఆయన పిల్లల్నీ అలాగే చూసేవారు. ప్రతి పిల్లకీ మూడు చూపులు. మొదటిది సున్నా రోజు. ఆ రోజు ఎంత బాగా ఆడినా ఒక్క ముక్క అనేవారు కాదు. మూడో చూపు తప్పకుండా గడ్డు రోజున ఉండాలి: టీము ఇరవై పాయింట్లు వెనకబడి, జిమ్‌లో ఏసీ పనిచెయ్యక, కోచ్‌కి కోపం వచ్చి ఉండాలి. "ఈ నక్షత్రాలోళ్ళంత సున్నా రోజే ముద్ర కొడుతున్నరు" అని జాలిపడేవారు.

ఈ చూపులన్నీ అయ్యాక, ఏడాదికొకసారి నాలుగు పేజీల కాగితం తయారుచేసి, డజను చిన్న కాలేజీల కోచ్‌లకి పోస్టులో పంపేవారు. ఎవరూ అడగలేదు. పదకొండుమంది ఏనాడూ జవాబివ్వలేదు. పెన్సిల్వేనియాలో ఒక చిన్న కాలేజీ అమ్మాయిల టీము కోచ్ మాత్రం ఇచ్చేది. ఆయన్ని డాక్టర్ అని సంబోధించేది. నేను డాక్టర్ని కాను అని ఆయన తిరిగి రాసేవారు. మళ్ళీ ఏడాది ఆవిడ డాక్టర్ అనే రాసేది. ఆ ఉత్తరాల పరిచయం అలా సాగింది.

హారిక పదకొండో తరగతికి వచ్చింది. ఏ జాబితాలోనూ పేరు లేదు. కాలేజీలో ఆడాలన్నది దాని కోరిక. ఆ కోరిక అది ఒక్కసారే చెప్పింది, కారులో, కిటికీలోంచి బయటికి చూస్తూ. అలా చెప్పిందంటే చాలా గట్టి కోరిక అని అర్థం. ఆయన అప్పటికే హారికని రెండుసార్లు చూసి ఉన్నారు. ఎలా ఉందని నేను అడగని రోజు లేదు.

"అన్నా, కొంచెం చెప్పండి. ఉందా, లేదా?"

"మూడోది కాలే."

"సగమైనా చెప్పండి."

"సగం చెప్తే అది రిపోర్టు కాదు, పుకారు."

వేసవిలో పిస్కాటవేలో ఒక షోకేస్ ఉంది. అంటే పిల్లలంతా ఒకచోట చేరి రెండు రోజులు ఆడతారు, కాలేజీ కోచ్‌లూ, నక్షత్రాలవాళ్ళూ వచ్చి చూస్తారు. దానికి ఆన్‌లైన్‌లో ఫారం నింపాలి. పేరు, ఎత్తు, ఆడే స్థానం, సగటు పాయింట్లు. హారికకి పరీక్షలున్నాయి, "నాన్నా, నువ్వు ఫిల్ చేసెయ్" అంది.

ఇక్కడ నా వృత్తి చెప్పక తప్పదు. నేను ఒక కన్సల్టెన్సీలో కుర్రాళ్ళ రెజ్యూమెలు తీర్చిదిద్దుతాను. మాస్టర్స్ చేసి నిన్న బయటికొచ్చిన పిల్లవాడు నా చేతిలో పడితే సాయంత్రానికి ఏడేళ్ళ అనుభవంతో లేస్తాడు. అందులో తప్పేమీ అనిపించేది కాదు. అందరూ పెంచుతారు, అవతలివాళ్ళు తగ్గించుకుని చదువుతారు, మధ్యలో ఎక్కడో నిజం ఉంటుంది. ఆ చేత్తోనే మా అమ్మాయి ఫారం నింపాను. ఎత్తు అన్నచోట అయిదడుగుల పది అని కొట్టాను. రెండంగుళాలు లోకం కోసం, ఒక అంగుళం బేరానికి.

కన్సల్టెన్సీలో ఇలాంటి పని చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఏడేళ్ళ అనుభవం అని రాసిన కుర్రాణ్ణి మొదటి రోజే టీమ్ లీడ్‌గా కూర్చోబెడతారు. వాడు బాత్రూంలోంచి నాకు ఫోన్ చేస్తాడు. ఇది తెలిసినవాణ్ణి, అదే పని నా కూతురికి చేశాను.

అయిదడుగుల పది అని చూసిన నిర్వాహకులు హారికని ఫార్వర్డ్‌లనే పొడుగు పిల్లల గుంపులో వేశారు. అది పుట్టినప్పటినుంచీ గార్డు. అంటే బంతి నడిపించే పిల్ల, పొడుగువాళ్ళ కాళ్ళ మధ్యనుంచి దూరిపోయే పిల్ల. ఇప్పుడు బుట్ట కింద నిలబడి, దానికన్నా తల ఎత్తున్న అమ్మాయిల్ని కాయాలి. వాళ్ళు ఏడడుగులుంటారు. (సరే, ఆరు.) బంతి పైనుంచి వెళ్ళిపోతోంది, వాళ్ళు హారికని వీపుతో నెట్టుకుంటూ వెళ్ళి వేసేస్తున్నారు. నేను అరవలేదు. ఆ రోజు జిమ్‌లో నోరెత్తని తండ్రి నేనొక్కణ్ణే.

పై మెట్టు మీద మూలగా ఆయన కూర్చుని రాసుకుంటున్నారు. పుట్నాల సీసా ముట్టలేదు.

కారులో హారిక సీటు బెల్టు పెట్టుకుంటూ అంది: "నేను గార్డ్ అని చెప్పాను నాన్నా. వాళ్ళు లిస్ట్ చూసి, నో, యూ ఆర్ విత్ ద బిగ్స్ అన్నారు. వై వుడ్ దే సే దట్?"

"ఏదో పొరపాటయ్యుంటుందిలే" అన్నాను.

రెండు రోజులకి వెబ్‌సైట్లో దాని గురించి రెండు పొట్టి వాక్యాలు వచ్చాయి. కాళ్ళు నెమ్మది. బలం చాలదు. హారిక అది చదివి, ఫోను బోర్లా పెట్టి, పన్నెండో తరగతిలో తను ఆడనని చెప్పింది. ఏడవలేదు. బూట్లు తీసుకెళ్ళి సామాన్ల గదిలో బియ్యం బస్తా వెనక పెట్టింది. మా ఆవిడ నా వైపు చూసింది. ఆవిడకి ఫారం సంగతి తెలియదు, కానీ నా మొహం సంగతి తెలుసు. నేను నాలుగు రోజులు నోరు విప్పలేదు. నా జీవితంలో అంత పొడుగు మౌనం అదొక్కటే, దాన్ని సాగదియ్యలేదు.

అయిదో రోజు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన వచ్చారు. చంకలో పుస్తకం, చేతిలో స్టీలు టేపు. ఆ టేపు సరిగ్గా కొలుస్తోందని ఏడాదికొకసారి ఎక్కడో పరీక్ష చేయించి, దాని మీద చీటీ అంటించుకునేవారు. షోకేస్‌కి వచ్చి చూసిన పెన్సిల్వేనియా కోచ్ ఆయనకి రాసిందట: జాబితాలో అయిదడుగుల పది, ఫార్వర్డ్ అని ఉంది, నా కంటికి అలా అనిపించలేదు, మీరేమంటారు, డాక్టర్?

"బిడ్డా, ఇట్ల రా. బూట్లు లేకుంట నిలబడు" అన్నారు.

నేను రంగంలోకి దిగాను. హాల్లో మెత్తటి కార్పెట్ ఉంది, అక్కడ కొలవమన్నాను. గట్టి నేల కావాలని సామాన్ల గది గుమ్మం దగ్గరికి నడిచారు. జుట్టు ముడి అలాగే ఉంచుకోవే అని హారికకి సైగ చేశాను. "అవుసరం లేదు, ఇప్పెయ్ బిడ్డా" అన్నారు. మడమలు చట్రానికి ఆనించి, పుస్తకం అట్టని దాని తల మీద అడ్డంగా పెట్టి, పెన్సిల్‌తో గీత గీశారు. టేపు పైకి లాగి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చూశారు.

"అయిదడుగుల ఏడు అంగుళాలు."

"అన్నా" అన్నాను, గొంతు తగ్గించి, "ఎనిమిది రాయండి. ఒక్క అంగుళం. అమెరికాలో అందరూ షూతోనే కొలుస్తారు."

"ముప్పై ఏండ్లు మాత్రలు చూసిన తమ్మీ. ఒక్క మిల్లీగ్రాము అని అడగనోడు లేడు." నా వైపు తిరగలేదు. "ఆ ఫారంల పది అని ఎవరు రాసిన్రు?"

మా ఆవిడ చేతిలో గిన్నె ఆగింది. హారిక చట్రానికి ఆనుకునే ఉంది, ఇంకా కొలుస్తున్నట్టు.

"నాన్నా?" అంది.

నేను దానికి చాలా పెద్ద వివరణ సిద్ధం చేసుకుని ఉన్నాను. లోకం తీరు, తగ్గింపు లెక్క, అన్నీ. నోట్లోంచి వచ్చింది మాత్రం, "నేనే రాశానమ్మా."

"సో దట్స్ వై" అంది నెమ్మదిగా. "నేను స్లో అనుకున్నా. నాలుగు రోజులనుంచీ ఐ థాట్ ఐయామ్ జస్ట్ స్లో. నీకు తెలుసు, అయినా చెప్పలేదు."

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పుస్తకం తెరిచి, జాబితా చూసి రాసుకున్న అయిదడుగుల పది మీద ఒక్క గీత గీశారు. చదవగలిగేలా. పక్కన అసలు కొలత, పొడి అక్షరాలు, తేదీ. కారణం అన్నచోట ఏం రాస్తారోనని మెడ చాచాను. ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఒకే మాట రాశారు.

తండ్రి.

తర్వాత పేజీ తిప్పి, హారికని పక్కన కూర్చోబెట్టుకుని, షోకేస్ రోజు రాసుకున్నది చదివి వినిపించారు. ఆయన పుస్తకం పైకి చదవడం ఎవరూ విని ఉండరు. "పదకొండు. తనది కాని చోట నిలబెట్టిన్రు. ఆరుసార్లు మీదికెళ్ళి వేసిన్రు. ఆరుసార్లు వెనక్కి ఒకటే తీరు ఉరికింది. బెంచీ దిక్కు చూడలే, తండ్రి దిక్కు చూడలే. ఏడోసారి పొడుగు పిల్ల ముంగట నిలబడి, బంతి ఆమె దాకా రాకుంట ఆపింది. ఎవరూ చెప్పలే, తనే కనిపెట్టింది. ఆట అయినంక ఆ పొడుగు పిల్ల కిందపడ్డ కళ్ళజోడు ఏరి ఇచ్చింది. వేడిల పెట్టిన. తేమల పెట్టిన. రంగు మారలే."

హారిక కాసేపు ఆ అక్షరాల్నే చూసింది. దానికి తెలుగు చదవడం రాదు.

"అంకుల్, సో... ఐయామ్ గుడ్?"

"గుడ్డో కాదో నాకు తెల్వదు బిడ్డా. చెడిపోలేదని మాత్రం తెలుసు."

వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ నాతో అన్నారు: "నువ్వు అబద్ధం రాసినందుకే నాకు మూడో చూపుకు అంత మంచి పరీక్ష దొరికింది. కానీ అది నీ ఖాతాల రాయను."

ఆయన వెళ్ళాక హారిక సామాన్ల గదిలోకి వెళ్ళి, బియ్యం బస్తా వెనకనుంచి బూట్లు తీసుకుంది. నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, ఆ ఫారం అకౌంట్ పాస్‌వర్డ్ మార్చేశానని చెప్పింది. ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ ఏడాది నాలుగు పేజీల కాగితంలో, మూడో పేజీ అడుగున, పదకొండో నంబరు గురించి అయిదు వరుసలున్నాయి. పెన్సిల్వేనియా కోచ్ చలికాలంలో మా స్కూలు ఆటకి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా చూసి వెళ్ళి, వారానికి ఫోన్ చేసింది. చిన్న కాలేజీ, స్కాలర్‌షిప్ లేదు. జెర్సీ ఉంది. గార్డు జెర్సీ.

మొదటి సంవత్సరం ఒక ఆటకి ఆయన్ని నా కారులో తీసుకెళ్ళాను. దారంతా వాన. హారిక మొత్తం ఆటలో నాలుగు నిమిషాలు ఆడింది, మిగతాసేపు బెంచీ మీద. ఆయన మూడు పేజీలు రాశారు.

"నాలుగు నిమిషాలకి మూడు పేజీలా, అన్నా?"

"ఆడింది అరపేజీ. మిగతాది కూసున్నది."

"కూర్చోవడంలో ఏముంది రాయడానికి?"

పుట్నాల సీసా నాకు అందించారు. "ఆడేటప్పుడు అందరు మంచిగనే ఉంటరు తమ్మీ. కూసునేటప్పుడు చూడాలె."

"అయితే ఏం తేలింది?"

"ఇంక గడువు తేదీ వెయ్యలే" అన్నారు, కిటికీ తుడుచుకుంటూ.

వెయ్యకుండానే ఆయన వెళ్ళిపోయారు. హారిక కాలేజీ ఆఖరి సంవత్సరంలో, ఆట మొదలుపెట్టే అయిదుగురిలో ఆడుతుండగా ఆయన ఆస్పత్రిలో ఉన్నారు. ఒక ఆట వీడియో పంపిస్తే, కెమెరావాడు బంతిని తప్ప ఇంకేం చూపించట్లేదని ఫిర్యాదు చేశారు. పుస్తకాలన్నీ ఇప్పుడు వాళ్ళ గరాజ్‌లో, పేజీ నంబర్లతో సహా, వరసగా ఉన్నాయని వదినగారు చెప్పారు.

ఇక రంగుల అతను బ్రష్షు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను గరాజ్‌లోంచి మా టేపు తెచ్చాను. స్టీలుదే, చీటీ లేదు. నేలకి ఆనించి, గీత దాకా లాగి చూశాను. ఎందుకు చూశానో తెలుసు. ఎంతుంటుందో కూడా తెలుసు.

ఇప్పుడు ఆ ఒప్పుకోలు. పుట్నాలూ సెక్యూరిటీ అతనూ నిజం. పచ్చిమిరపకాయల చీటీ నిజం. ఆయన చెంపలకి తగిలిన బంతులు, ఏడడుగుల పిల్లలు, ట్రెంటన్ దాకా నా అరుపు, మీరు ఎలాగూ తగ్గించుకున్నారు. మా అమ్మాయి అడిగిన మాటా, ఆయన ఇచ్చిన జవాబూ అక్షరం కూడా మార్చలేదు. కల్పించింది ఒక్కటే. ఆ ఆదివారం ఆయన కళ్ళజోడు పైకి తోసి చదివింది అయిదడుగుల ఏడు కాదు. అయిదడుగుల ఆరున్నర. చట్రం మీద గీత ఇప్పటికీ అక్కడే ఉంది. రంగుల అతను దాని చుట్టూ వేసి వెళ్ళాడు. ఇన్నేళ్ళ తర్వాత, ఆయన గురించే రాస్తూ, అంత చూసి కూడా, ఆ అర అంగుళం నా చెయ్యే కలిపింది.

అచ్చువేసేవారికి మనవి. పైన అయిదడుగుల ఏడు అని ఉన్నచోట దయచేసి చెరపకండి. ఒక్క గీత చాలు, కింద ఉన్నది చదవగలిగేలా. పక్కన ఆరున్నర అని వేసి, నా పొడి అక్షరాలు, ఇవాళ్టి తేదీ.

కారణం: తండ్రి.